లేని అక్క గౌను

లిఫ్టులు బాగుచేసే మేస్త్రీకి ఎత్తంటే భయం లేదు. పన్నెండో అంతస్తు పైన, ఇనుప తాళ్ల మధ్య, కాళ్ల కింద చీకటి బావిలా నోరు తెరుచుకుని ఉన్నా ఆమె చెయ్యి వణకదు. అలాంటిది, నేలమీదే ఉన్న ఈ చిన్న గదిలో సోఫా మీద పడుకుని పైకప్పు చూస్తుంటే అరచేతులు తడిసిపోతున్నాయి.

ఇది ఎనిమిదో వారం, ఆఖరిది. తల వెనక కుర్చీలో కూర్చున్న మానసిక విశ్లేషకురాలు ఉత్తరం రాస్తేనే ఆసుపత్రి కమిటీ ఆడదానిగా మారే మందులు మొదలుపెడుతుంది. రాయకపోతే, నలభై ఒక్కేళ్లుగా మగవాడిగా నెట్టుకొచ్చిన బతుకు ఇంకెన్నాళ్లో!

ఇదే గదిలో ఉత్తరం సంపాదించిన సెలూన్‌లో పనిచేసే స్నేహితురాలు ఒక కథ కంఠతా పట్టించింది.

"నాలుగేళ్లప్పుడు అక్క గౌను దొంగతనంగా వేసుకున్నానని చెప్పు. కన్నీళ్లు రాకపోతే కళ్లు నులుముకో. గ్యారంటీ కథే పిల్లా, ముగ్గురం గట్టెక్కాం!"

మేస్త్రీ అప్పజెప్పింది. గౌను నీలం రంగుదని సొంతంగా కలిపింది. కళ్లూ నులుముకుంది.

వెనక డాక్టరు నోటుపుస్తకం పేజీలు వెనక్కి తిప్పుతున్న చప్పుడైంది. కథ, జనం ఎక్కువై కదలనని మొరాయించే లిఫ్టులా అక్కడే ఆగింది.

"మొదటి వారం మీరు ఒక్కరే సంతానమన్నారు," అంది డాక్టరు మెల్లగా.

మేస్త్రీ కళ్లు నులమడం ఆపేసింది. "అంటే... పెదనాన్న కూతురు..."

"నాన్నకి తోబుట్టువులే లేరన్నారు."

మేస్త్రీ లేచి కూర్చుని, ఎనిమిది వారాల్లో మొదటిసారి వెనక్కి తిరిగింది.

"అబద్ధమే డాక్టరమ్మా. నేనిలా ఉండటానికి కారణం అమ్మ గారాబమా, నాన్న లేకపోవడమా అని వారంవారం తవ్వుతున్నారు. అక్కడ ఏమీ లేదు. నేను ఆడదాన్నని చిన్నప్పుడు నాకు తెలీదు."

"మరెప్పుడు తెలిసింది?"

"మూడేళ్ల కిందట. కరెంటు పోయి ఒక పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుంది. తలుపు ఇవతల నేను. నా గొంతు ఎలా వినపడిందో ఏమో, 'అమ్మాయ్, ఉన్నావా తల్లీ? వెళ్లిపోకే' అంది. 'ఉన్నానమ్మా' అనేశా. పిలవగానే ఆలోచించకుండా పలకడం నా బతుకులో అదే మొదటిసారి. నలభై నిమిషాలు కబుర్లు చెప్పుకున్నాం. తలుపు తెరుచుకునే వేళకి వాచ్‌మన్‌కి అప్పగించి మెట్ల మీదుగా పారిపోయా. నా మొహం చూసి ఆ పిలుపు వెనక్కి తీసుకుంటుందేమోనని."

డాక్టరు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేను ముప్ఫై ఏళ్లుగా కారణాలు వెతుకుతున్నా. ఇవాళ వెతకాలనిపించట్లేదు. మిమ్మల్ని నమ్ముతున్నా. కానీ కమిటీకి గౌను కథలే అలవాటు. అది రాస్తే పది నిమిషాల్లో సంతకం. నలభై దగ్గర తెలిసిందంటే సవాలక్ష అడుగుతారు, తిప్పి పంపినా పంపుతారు. ఏది రాయమంటారు?"

గట్టెక్కిన ముగ్గురూ కళ్లముందు మెదిలారు. మేస్త్రీ చేతులు ప్యాంటుకి తుడుచుకుంది.

"నాదే రాయండి. లేని అక్కని పట్టుకుని ఆడదాన్నైతే, జీవితాంతం ఆవిణ్ని సాకాలి."

డాక్టరు నవ్వలేదు. కాగితం తీసుకుంది. మేస్త్రీ మళ్లీ పడుకోకుండా, మోకాళ్ల మీద చేతులు బిగించి, ఒక్కో పంక్తీ కిందికి దిగుతుంటే చూస్తూ కూర్చుంది.