టేపు చివర మిగిలిన నవ్వు

ఇన్నేళ్ళుగా ఒక ముసలావిడ నవ్వును గుండెల మీద మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక మ్యూజియంలో అటెండరుగా చేశాను. బడి మొహం చూసినవాణ్ణి కాదు. అద్దాల బీరువాల మీది చీటీలు కూడబలుక్కుంటూనే చదువు నేర్చుకున్నాను. ఒక పరిశోధకుడు నికోబార్ ముసలావిడ చేత పాటలు పాడించి, ఆ క్యాసెట్టు మాకు అప్పగించాడు. దాని మీద మళ్ళీ ఎవరూ రికార్డు చేయకుండా వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరగ్గొట్టాడు.

ఆ రోజుల్లో మా సిక్కోలు తీరం వాళ్ళం ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్ళం కాదు. చదివేవాళ్ళేరీ? క్యాసెట్లో మాట్లాడి, వైజాగ్ ఓడ ఎక్కేవాడి చేతికిచ్చేవాళ్ళం. ఒకనాడు ఓడ బయలుదేరబోతోంది, నా దగ్గర క్యాసెట్టు లేదు. కొత్తది కొనడానికి అబర్డీన్ బజారుకి పరిగెత్తవచ్చు. పరిగెత్తలేదు. ఆ ముసలావిడ పాటల క్యాసెట్టు తీసి, మళ్ళీ రికార్డయ్యేలా ఆ విరిగిన కన్నం మీద ప్లాస్టరు అంటించాను. ఈ కూనిరాగాలు ఎవడు వింటాడులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అలా అనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నానా? మ్యూజియమంతా నా చేతి కిందే నడుస్తోందని మా అమ్మకి కోతలు కోశాను. మర్నాడు కొత్త క్యాసెట్టు కొని, ఖాళీగానే ఆవిడ క్యాసెట్టు పెట్టెలో పెట్టాను.

ఆ నికోబార్ ముసలావిడను సునామీ తీసుకుపోయింది. తర్వాత పాత టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తామని కొందరు వచ్చారు. ఆ టేపులో ఏమీ వినబడలేదు. ఉప్పుగాలికి పాడైందని అధికారులు తేల్చేశారు. ఒక్కడైనా నన్ను అడగాలి కదా! సంపద కాపాడుతున్నామని సభల్లో గొంతు చించుకునే పెద్దమనుషులకి, తాళాలు ఎవడి దగ్గర ఉంటాయో తెలియదా? ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. దాని వెనక దాక్కోవడం నాకు అలవాటైపోయింది.

ఒకరోజు ఆవిడ మనవరాలు వచ్చింది. అమ్మమ్మ ఫొటో కూడా మిగల్లేదట.

“అంకుల్, నానీ కా గానా హై నా యహా?” అమ్మమ్మ పాట ఇక్కడ ఉంది కదా అని.

“ఖరాబ్ హో గయా, బేటీ. సముందర్ కీ హవా.” సముద్రపు గాలికి పాడైపోయిందన్నాను.

“థోడా భీ నహీ?” కొంచెం కూడా లేదా అని.

“థోడా భీ నహీ.”

“ఆప్ క్యా కరేంగే, అంకుల్,” అంది. మీరు మాత్రం ఏం చేస్తారని నన్నే ఓదార్చి వెళ్ళింది.

మా అమ్మ పోయాక తమ్ముడు ఆమె ట్రంకుపెట్టెలోంచి ఆ క్యాసెట్టు తెచ్చిచ్చాడు. “రోజూ ఇనీది, అన్నియ్యా. సివర్లో నవ్వినావిడ నీకు కూడెట్టే తల్లనుకునీది.” నా కోతలు అయిపోయాక, టేపు చివర, పాట తోక ఒకటి మిగిలి ఉంది. ఆవిడ దగ్గుతుంది, ఏదో అంటుంది, నవ్వుతుంది.

అప్పుడే ఆ మనవరాలికి ఎందుకివ్వలేదు? ఆ నవ్వు దగ్గరికి వెళ్ళాలంటే నా గొంతు దాటుకుని వెళ్ళాలి. ఆ పిల్ల ఇప్పుడు గరాచర్మలో మా వీధి చివరే ఉంటుంది. బస్సులో కనబడితే లేచి నాకు సీటిస్తుంది. ఆ సీటు పోతుందనా నా భయం? ఒక నమస్తే కోసం ఒకరి అమ్మమ్మను బీరువాలో దాచుకున్నానా?

టేపు ఇప్పుడు నిజంగానే తేమకి జిగటపడుతోంది. రేపు ఇచ్చేస్తానని రాయను. అలాంటి మాటలు నాకు నేను చాలా చెప్పుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆరోజు నోట్లోంచి రాని మాట మాత్రం ఇక్కడ నా చేత్తో రాస్తున్నాను.

ఉంది, బేటీ. థోడా ఉంది.