బొట్టు పెట్టిన డబ్బా మీద కాలు

మా మనవరాలు గిటారు శబ్దాన్ని గరగరలాడించే డబ్బా ఒకటి ఇంట్లోనే చేసుకుంది. ఈ రోజు దానికి, కాలితో నొక్కితే మోత పెరిగే బటన్ కూడా బిగించింది. షాక్ కొడుతుందేమోనని నాకు పొద్దున్నుంచీ దడ. కొత్త పనిముట్టుకు మా ఇంట్లో ఎప్పుడూ చేసినట్టే బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను. పిల్ల వచ్చి నేరుగా దాని మీద కాలు వేసింది!

"బొట్టు వెట్టినదాన్ని తొక్కుతవేందే? కండ్లు పోతయి!"

"తాత మగ్గాన్ని కాలుతోనే తొక్కిండు గద నానమ్మా! దానికి నువ్వే బొట్టు వెడుతుంటివి. గిది చిన్న బ్యాటరీ, షాక్ కొట్టది."

నొక్కగానే సాంచాల కార్ఖానా, అదే మరమగ్గాల షెడ్డు, ఇంట్లోకి వచ్చినంత మోత. నవ్వుతున్న పిల్ల ముఖం చూసి నాకూ నవ్వొచ్చింది. అయినా భయం పోక, రబ్బరు చెప్పులు వేసుకుని తొక్కమన్నాను.

"బొట్టు మీద చెప్పులతోనా?" అంది.

మీరైతే ఏం చెబుతారు?