రాజమల్లు కాక కాలబెట్టిన జెండా

నిన్న పొద్దుగాల తమ్ముడు ఫోన్ చేసి "కాక పోయిండక్కా" అన్నడు.

ఏ కాక అని అడిగిన. సిగ్గులేని దాన్ని. నాకున్నది ఒక్కడే కాక.

కేసముద్రం మార్కెట్ ఎనుక గల్లీల టైలర్ రాజమల్లు. మా బాపుకు సొంత తమ్ముడు. పంద్రాగస్టు వస్తుందంటే సుట్టుపక్కల స్కూళ్లకు జెండాలు కుట్టేటోడు.

ఖద్దరు తప్ప ముట్టకపోయేది. మూడు రంగులు సమానంగ కొలిచేది. చక్రంల ఇరవైనాలుగు ఆకులు వేలు పెట్టి లెక్కబెట్టేది. "జర అటిటు అయితె ఏమైతది కాకా?" అంటే టేపు తీస్కొని ఎంటబడేది.

ఉద్యమం దినాలల్ల నేను డిగ్రీ చదువుతున్న. ర్యాలీకి జెండా జిమ్మెదారి నాది. యాభై మీటర్ల జెండా కుట్టియ్యమని పోయిన.

"గది జెండా గాదు బిడ్డా, బట్ట తాను. వెడల్పు రెండైతె పొడుగు మూడు. గంతే."

తొమ్మిదడుగులు పొడుగు, ఆరడుగులు వెడల్పు కుట్టిండు. పైస తీస్కోలే. "తెలంగాణ వస్తే గదే సాలు" అన్నడు.

ర్యాలీ మస్తుగైంది. ఫోటోలు దిగినం. అంతల్నే వాన దంచింది. అందరం షెడ్డు కిందికి ఉరికినం.

జెండా యాదికే రాలే. నాకు. జిమ్మెదారి తీస్కున్న నాకు.

తెల్లారి కాక మా ఇంటికొచ్చిండు. సంకల తడిబట్ట. మార్కెట్ల ట్రాక్టర్ టైరు కింద దొరికిందట. కడిగిండు గని, నడుమకు చినిగింది.

"చినిగింది ఎగరెయ్యొద్దు బిడ్డా. పారెయ్యొద్దు. దేనికీ వాడొద్దు. ఎవ్వరు సూడని తావుల మర్యాదగ మొత్తం కాలబెట్టాలె. గదే పద్ధతి."

నేనేమన్ననో తెల్సా? "నేను ఇడిచిపెట్టిన్నని ఎవ్వలకు చెప్పకు కాకా, నా ఇజ్జత్ పోతది."

"చెప్పనులే" అన్నడు.

వాళ్లింటెనుక దొడ్లె చెప్పులిడిసి కాలబెట్టిండట. గోడ మీదికెల్లి ఎవడో సూసిండు.

గంటల ఊరంత లేసింది. మన ర్యాలీ జెండా కాలబెట్టిండు, ద్రోహి అని. షాపు మీదికొచ్చిండ్రు. కుట్టు మిషిన్ను రోడ్డు మీదికి గుంజి పడేసిండ్రు.

నేను గా గుంపులనే ఉన్న.

"చినిగింది నాయినా, చినిగితె గట్లనే చెయ్యాలె" అంటున్నడు కాక. ఎవ్వలు ఇంటలేరు.

"ఎవడు చింపిండు మరి?" అని ఒకడు కాలర్ వట్టి కొట్టిండు.

కాక నన్ను సూసిండు. ఒక్కసారే. ఎంటనే మొకం తిప్పుకున్నడు.

"నాకెర్కలేదు" అన్నడు.

నేను చున్నీ మొకానికి అడ్డం పెట్టుకొని ఇంటికొచ్చిన. గంతే నేను చేసింది.

మల్ల ఒక్క స్కూలోళ్లు గూడ కాక దగ్గర జెండా కుట్టిచ్చుకోలే. దుకాణం మూసి ఇంట్లనే చీరెలకు ఫాల్స్ కుట్టుకుంట, పాత ప్యాంట్లు ఆల్టర్ చేసుకుంట బతికిండు. తెలంగాణ వచ్చిన్నాడు నా నోట్ల లడ్డు పెట్టి నవ్విండు. అప్పుడన్న చెప్పాల్సుండె. లడ్డు తిన్న.

ఇప్పుడు నేను దంతాలపల్లి దిక్కు టీచర్ను. ఏటేటా పిల్లలకు చెప్త. కాషాయం పైకుండాలె, నేలకు తాకొద్దు, పొద్దుమూకక ముందే దించాలె. అన్ని కాక మాటలే. "మేడంకు ఎంత తెల్సో" అంటరు. గా మాట ఇన్నప్పుడల్ల బోర్డు దిక్కు తిరుగుత.

నిన్న పాడె లేస్తుంటే నా ఎనుక ఒకాయన అన్నడు, "జెండా కాలబెట్టిన టైలర్ గీయనేనా?" అని.

విన్న. నిన్న గూడ నోరు తెరవలే. ఇన్నేండ్లొచ్చినా నాకు బుద్ధి రాలే.

గందుకే గిక్కడ రాస్తున్న. కేసముద్రంల ఉన్నోళ్లు, గా దినం షాపు కాడికొచ్చినోళ్లు, అందరు సదువుండ్రి. షేర్ చెయ్యిండ్రి.

గా జెండాను బురదల ఇడిచిపెట్టింది నేను. మా కాక దాన్ని మర్యాదగ సాగనంపిండు. తన్నులు తిన్నడు, దుకాణం పోగొట్టుకున్నడు, నాకిచ్చిన మాట మాత్రం తప్పలే.

నువ్వు చెప్పనన్నవ్ కాకా. నేను చెప్పిన. శానా లేటైంది.

పోయిరా. ఇగ మొకం తిప్పుకునే పని లేదు నీకు, నిమ్మళంగ పండుకో.