దోవరాయిలో నాలుగోవాడు

ధనభాగ్యం ఇంటి తలుపుకు గడియ ఉంది గానీ, అది పడగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. కుక్క దూరినా, పిల్లి పాలు తాగిపోయినా సరే, తలుపు చేరవేసి పడుకోవడమే. ఆ ఇంటి ఆచారం అది.

ఆచారం పుట్టింది దోవరాయి దగ్గర. అరవనేలలో కినత్తుకడవుకు తూర్పున, కొబ్బరితోపుల మధ్య నిలబెట్టిన నిలువెత్తు బండ అది. ఎప్పుడో ఉత్తరాన తెలుగు సీమ నుంచి బండ్లు కట్టుకుని జనం కదిలినప్పుడు, నీళ్ళూ నేలా వెతకడానికి నలుగురు ముందుగా బయల్దేరారట. ముగ్గురు తిరిగొచ్చి దోవ చూపించారు, నాలుగోవాడు రాలేదు. అందుకే రాయి మీద ముగ్గురినే చెక్కి అతని చోటు వదిలేశారని పెద్దలు చెప్పేవారు. ఏటా ఆషాఢాన, ఆడి నెల పండగనాడు ఊరిపెద్ద నలుగురినీ పేరు పెట్టి కేకేస్తాడు. ముగ్గురి వంశాలవాళ్ళూ "వచ్చినాడు" అంటారు. నాలుగోవాడి ఇంటి కోడలు మాత్రం "ఇంకా రాలే" అనాలి. ముందుగా ఆ ఖాళీ చోటికి సున్నం కొట్టడమూ ఆమె పనే. వచ్చేవాడికి చోటు తెల్లగా ఉండొద్దూ, ఇంటి తలుపు తీసుండొద్దూ మరి!

ఆ కోడలే ధనభాగ్యం. దేవుడి చోద్యం చూడండి, ఆమె మొగుడు కుప్పుసామి కూడా బోర్లు వేసే బండెక్కి పనికని ఉత్తరాదికి పోయినవాడు పోయినట్టే ఉన్నాడు. అప్పుడు ఒత్తుగా ఉన్న ఆమె జడ ఇప్పుడు కొబ్బరిపీచంత మిగల్లేదు. తాళి తీసెయ్యమని ఆడబిడ్డ రంగనాయకి పోరితే, "నీ తమ్ముడు చచ్చేది నువ్వు చూస్తివా?" అని నోరు మూయించేది. రాయి ముందు "ఇంకా రాలే" అన్నప్పుడల్లా ఆమె ఎవరి గురించి అంటోందో ఊరందరికీ తెలుసు. ఆ ఒక్క మాట మీదే ఆమె బతుకుతోంది.

ఈ ఏడు మిల్లు ఓనరు నవనీతకృష్ణన్ రాయిని బాగుచేయిస్తానని పట్టుబట్టాడు. పక్కకు ఒరిగింది, నూనె జిడ్డుకు ముఖాలు కనబడకుండా పోయాయి, నిజమే. ఆండిపట్టి నుంచి ఇరుళప్పన్ అనే రాతిపనివాణ్ణి పిలిపించాడు. అతను బండను నిటారుగా నిలిపి, జిడ్డు కడిగి, సున్నం గీకడం మొదలుపెట్టాడు. పొర కింద పొర, ఎంత గీకినా సున్నమే. పొద్దు వాలే వేళకు చెయ్యి ఆపి, నవనీతకృష్ణన్ పక్కన నిలబడి చూస్తున్న ధనభాగ్యాన్ని కేకేశాడు.

"అమ్మా, ఈడ ఒక ఆళు ఉండాడే!"

ఖాళీ చోటు ఖాళీ కాదు. ఊరివైపు తిరిగిన మనిషి, తలుపు తట్టబోతున్నట్టు ఎడమ చెయ్యి ఎత్తి నిలబడి ఉన్నాడు. ధనభాగ్యం ఆ చేతినే చూసింది. చిటికెనవేలు లేదు. విరిగిందేమోనని తడిమింది. విరగలేదు, మొదట్నుంచీ అలాగే నున్నగా చెక్కారు. కుప్పుసామి చిటికెనవేలు, అతను ఉత్తరాదికి పోకముందే, బోరు గొలుసులో పడి తెగిపోయింది. అదీ ఎడమ చేతిదే.

ధనభాగ్యం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళూ వచ్చి నిలబడ్డవాడి ముఖాన తన చేత్తోనే సున్నం కొట్టిందా?

"మూసేస్తా తంబీ," అంది నవనీతకృష్ణన్‌తో.

"ఏమిక్కా ఇది! ఇంత బాగా అగుపిస్తాంటే!"

"ఆయన వచ్చేసినాడంటే ఇంగ నాకేముండాది? పొద్దున్నే నేనెవరి కోసరం లేచేది?"

ధనభాగ్యం సున్నం కలుపుకొచ్చి, మనిషి మచ్చుకైనా కనబడకుండా దట్టంగా పూసింది.

పండగనాడు ఊరిపెద్ద బాలసుందరం కేకేశాడు. మూడు పేర్లకూ జవాబులొచ్చాయి. నాలుగో పేరు పలికాడు. ధనభాగ్యం నోరు తెరిచింది. ఆకు కదలని ఎండ. టప్పుమని సున్నం పెచ్చు ఒకటి ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది. తక్కిన పూత ఎక్కడా బీటైనా వారలేదు. బయటపడింది చెయ్యి ఒక్కటే, చిటికెనవేలు లేని చెయ్యి.

ఆమె ముందుకెళ్ళి ఆ చేతిని తాకింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ రాయి బోరునీళ్ళంత చల్లగా ఉంది.

"వచ్చినాడు," అంది. "ఎప్పుడో వచ్చినాడు. నేనే చూళ్ళే." ఆ చెయ్యి పట్టుకుని బావురుమంది.

రంగనాయకి ఆమెను లేవదీసి ఇంటిదాకా తోడొచ్చింది. ధనభాగ్యం నడింట్లో రెండు ఆకులు పరిచి, రెంటిలోనూ అన్నం వడ్డించింది. తర్వాత ఆడబిడ్డను పొమ్మని తలుపు మూసింది. తుప్పుపట్టిన గడియ కిర్రుమంటూ పడింది. రావాల్సినవాళ్ళందరూ వచ్చేసిన ఇంట్లో వేసినట్టే వేసింది.