రావల్‌కోల్ బెండ చేను, సూడాన్ బేరం

మా సుజాత పోయి నలభై రోజులు దాటాక, పక్కింటివాళ్ళ ఫోనుకు నా కోసం ఒక కాల్ వచ్చింది. శామీర్‌పేటలో విత్తనాల వ్యాపారం చేసే ఏజెంటు రామకృష్ణ గారు మాట్లాడారు. "యాదమ్మ గారూ, మీ అమ్మాయి వేసిన బెండ విత్తనం చూడ్డానికి సూడాన్ దేశం నుంచి కొనే ఆయన వస్తున్నారండి. శుక్రవారం మధ్యాహ్నం మీరొచ్చి ఒక్క సంతకం పెడితే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నారు. ఆ "మేం చూసుకుంటాం" అన్న మాట దగ్గరే నాకు అనుమానం మొదలైంది. అవి ఔటర్ రింగు రోడ్డు పనులు నడుస్తున్న రోజులు. మేడ్చల్ చుట్టుపక్కల ఎవరి ఇంటికి ఏ కొత్త మనిషి వచ్చినా, ఏ మాటతో మొదలుపెట్టినా చివరికి భూమి దగ్గరికే వచ్చేవాడు. రావల్‌కోల్‌లో మా నాయిన నా పేర రాసిన ఎకరం ఒకటుంది. నాకున్నది అదే. నా బిడ్డ ఇరవై ఆరేళ్ళకే విషజ్వరంతో తొమ్మిది రోజుల్లో వెళ్ళిపోయింది. సూడాన్ పేరు చెప్పి, దాని చేతి పని పేరు చెప్పి, ఆ ఎకరం కూడా రాయించుకుంటారేమోనని నా భయం. అందుకే, రమ్మన్నచోటికి మధ్యాహ్నం వెళ్ళే ముందు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా చేను చూసి రావాలనుకున్నాను. మీలో ఎవరికైనా అటు పక్క భూమి ఉండి, బయటి దేశానికి విత్తనం పండించే ఆలోచన ఉంటే నా ప్రయాణం మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మేముండేది గాజులరామారంలో. పొద్దున ఆరుకు ఇంటి నుంచి బయలుదేరి, షేర్ ఆటోలో ఐదు రూపాయలిచ్చి సుచిత్ర దగ్గర దిగాను. అక్కడ మేడ్చల్ బస్సు పావుగంటలో దొరికింది, టికెట్టు తొమ్మిది రూపాయలు. కొంపల్లి దాటేదాకా నిలబడే ఉన్నాను. ఆ తర్వాత కిటికీ పక్కన చోటు దొరికింది గానీ బయటకి చూస్తే మనసు ఇంకా చెడిపోయింది. ఎక్కడ చూసినా చదును చేసిన నేల, తెల్ల సున్నం కొట్టిన రాళ్ళు, వాటి మీద ఎర్ర రంగుతో నంబర్లు. ఒకప్పుడు ద్రాక్ష పందిళ్ళుండేవి ఆ నేలల్లో. ఏడుంపావుకి మేడ్చల్‌లో దిగి ఒక చాయ్ తాగాను. రావల్‌కోల్ వైపు ఆటోలు బస్టాండు బయటే ఉంటాయి. మనిషికి ఎనిమిది రూపాయలు, ఆరుగురు ఎక్కితే గాని కదలవు.

సుజాత ఇంటర్ చదివింది. మూడేళ్ళు వేరేవాళ్ళ విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్ళి, పని నేర్చుకుని, పోయినేడాది మా చేనులోనే మొదలుపెట్టింది. ఆ పని ఎలా ఉంటుందంటే, సాయంత్రం పూట రేపు విచ్చుకోబోయే మొగ్గను విప్పి, అందులోని పుప్పొడి భాగం తీసేసి, ఎర్ర కాగితం గొట్టం తొడుగుతారు. తెల్లారి ఇంకో రకం మొక్క నుంచి పువ్వు తెచ్చి దాని మీద రాస్తారు. ఆ కాయలోని గింజే విత్తనం. ఆ ఎర్ర కాగితం గొట్టాలు రాత్రి అన్నాలు తిన్నాక నేనూ చుట్టేదాన్ని. జీడిమెట్లలో అట్టపెట్టెల కంపెనీలో పని చేసి వచ్చిన చేతులు నావి, వందల గొట్టాలు ఊరికే అయిపోయేవి. కానీ చేనుకు మాత్రం నేను వెళ్ళలేదు. రోజు కూలీ పోతుందని. దాని పనిలో ఇంటికి వచ్చినంత మటుకే నాకు తెలుసు.

ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుందనగా చేను గట్టు ఎక్కాను. ఎవరూ లేరు. నడుము ఎత్తు బెండ మొక్కలు, వాటి మీద నా ఎర్ర గొట్టాలు. చూడగానే గట్టు మీదే కూర్చుండిపోయాను. లేచి చూస్తే, చేను ఒక పక్కంతా మూరెడు తెల్ల కర్రలు వరసగా పాతి ఉన్నాయి. వాటి మీద ఎర్ర రంగుతో నంబర్లు. బాట అవతల ప్లాట్ల వెంచర్‌లో ఉన్నవీ తెల్ల రాళ్ళు, ఎర్ర నంబర్లే. నాకు ఇంకేమీ కనిపించలేదు. నా బిడ్డ చచ్చి రెండు నెలలు కాలేదు, సంతకమైనా పెట్టలేదు, అప్పుడే ప్లాట్లు కొలిచేశారు అనుకున్నాను. ఒకటి పీకాను, రెండు పీకాను, తిట్టుకుంటూ పదిహేను పీకి గట్టు మీద కుప్ప వేశాను.

"ఓ అక్కా! ఏం జేస్తున్నవే, నీ చేతులిరుగ!" అని అరుచుకుంటూ వచ్చింది బాలమణి. క్రాసింగ్ చేసే ఆడవాళ్ళకు పెద్ద, సుజాతతో మొదటి నుంచి పని చేసిన మనిషి. ఆమె వెనకే ఇంకో ఐదుగురు.

"నా భూమిల రాళ్ళు వాతిండ్రు, పీకక ఏంజెయ్యాలె?" అన్నాను.

"రాళ్ళేందే! గవి వరస కర్రలు. ఏ వరస ఏ రకందో ఎరుకుండాలని నీ బిడ్డనే వాతింది. జ్వరమొచ్చే ముంగట రెండు దినాలు గీడనే కూసోని నంబర్లేసింది."

కర్ర ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. నాలుగు అంకె పైన కొక్కెంలా వంచి రాయడం సుజాత అలవాటు. చిన్నప్పుడు ఆ అంకె గురించి నేనే కొట్టాను కూడా. ఇంత దగ్గరగా పట్టుకుని పీకాను గానీ, చూడలేదు.

ఆడవాళ్ళు పువ్వు పనికి దిగకుండానే కర్రలు ఎక్కడివక్కడ పెట్టడం మొదలుపెట్టారు. చేనులో రెండు రకాల విత్తనం అవుతోంది. పువ్వు తెచ్చే మగ వరసలు సులువే, వాటి కాడ ఎర్రగా ఉంటుంది. కాయ నిలిపే ఆడ వరసలు రెండు రకాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కర్ర మీది నంబరు కూడా వరసది కాదు, రకానిది. అయితే ఒక్కొక్క మనిషికి కొన్ని వరసలని సుజాత పంచి పెట్టింది. రోజూ ఆ వరసలోనే వంగి వంగి పని చేస్తారు కాబట్టి "గిది నాది, గీ మొక్క వంకర నాకెరుకే" అని ఎవరిది వాళ్ళు గుర్తుపట్టారు. తొమ్మిదిన్నరకల్లా పదకొండు కర్రలు నిలబడ్డాయి. నాలుగు మిగిలాయి.

"గవి ఎవరియి?" అన్నాను.

బాలమణి కొంగుతో ముఖం తుడుచుకుని, "సుజాతయే. అది వోయినంక దినానికొకలం జేస్తున్నం. కర్ర జూస్కోని జేసుడే. మాకు చేతి గుర్తు లేదు" అంది.

తప్పు రకం పువ్వు రాస్తే విత్తనం కల్తీ అవుతుందట. కల్తీ అని తేలితే మొత్తం పంట తిప్పి పంపుతారట. ఈ ఆరుగురు ఆడవాళ్ళ నాలుగు నెలల కష్టం, నా బిడ్డ మొదలుపెట్టిన బేరం, అంతా ఆ నాలుగు వరసల మీదికి వచ్చింది. నా చేతులారా తెచ్చాను. నా ముఖం చూసి బాలమణి నవ్వించబోయింది. "మా మొగోడు బెండకాయ కూరంటేనే కంచం జరుపుతడు. గాయన సముద్రం దాటి అచ్చిండు బెండ గింజలకు. గసొంటోనికి నాలుగు వరసలు తక్కువైతే ఏమైతది తియ్యే!" నాకు నవ్వు రాలేదు.

రావల్‌కోల్ నుంచి శామీర్‌పేటకి నేరుగా బస్సు దొరకడం కష్టం. ఊళ్ళో జహంగీర్ అనే అతని ఆటో ఉంది. రానూ పోనూ, అక్కడ ఆగడానికి కలిపి రెండు వందల యాభై అడిగాడు, రెండు వందలకి ఒప్పించాను. దారిలో ఎక్కడికి, ఎందుకని అడిగితే చెప్పాను. "సూడానాయనా? అరే అమ్మా, నేను సౌదీల ఆరేండ్లు డ్రైవర్ జేసిన. మా రూంల ఇద్దరు సూడానోళ్ళు ఉండె. అరబీ మంచిగ మాట్లాడ్త" అన్నాడు. ఆటో వెనక సీట్లో కూర్చుని మనసులో లెక్క మార్చుకున్నాను. కొనే ఆయన మాటను ఏజెంటు నోటితోనే వినాల్సిన అవసరం లేదన్నమాట. "నాతోని లోపలికి వస్తవా జహంగీర్?" అన్నాను. "చాయ్ తాపితే ఎటన్న వస్త" అన్నాడు.

శామీర్‌పేట చెరువు దాటాక రోడ్డు పక్క ఒక హోటల్ ఉంది, అక్కడికి రమ్మన్నారు. పన్నెండున్నరకి చేరాం. భోజనం ముప్పై రూపాయలు, పప్పు బాగుంటుంది, చేపల పులుసు మటుకు అడగొద్దు, పొద్దుటిది పోస్తారు. రామకృష్ణ గారు ముందే వచ్చి ఉన్నారు. ఆయన పక్కన పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా, నెరిసిన గడ్డం. పేరు హసన్ అన్నారు. ఆయన లేచి నిలబడి, గుండె మీద చేయి పెట్టుకుని తల వంచాడు. ఇలాంటి మర్యాదలు చేసే భూమి బ్రోకర్లను కూడా నేను చూశాను కాబట్టి ఊరికే తలూపాను.

హసన్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు రామకృష్ణ గారితో పొద్దున జరిగింది చెప్పాను. ఆయన గొంతు తగ్గించారు. "అయ్యో, దానికింత బాధెందుకండీ? ఆ నాలుగు కర్రలూ ఎక్కడో ఒకచోట పెట్టేయమనండి. ఆయనకేం తెలుస్తుంది? గింజ మొలిచి కాయ కాసేసరికి ఆయన దేశంలో ఉంటాడు. ఈలోపు మీరిక్కడ సంతకం పెట్టేయండి" అని ఇంగ్లీషు కాగితాలు మూడు ముందుకు జరిపారు.

అంత దూరం నుంచి వచ్చినవాడినే మోసం చేయమన్న మనిషి, ఎదురుగా కూర్చున్న నన్ను వదులుతాడా? పెన్ను పట్టుకోలేదు. హసన్ వచ్చి కూర్చోగానే జహంగీర్‌ని పక్కన కూర్చోబెట్టి, "నేను చెప్పింది చెప్పినట్టు అరబీల చెప్పు, ఒక్క ముక్క కలపకు, ఒక్క ముక్క తియ్యకు" అన్నాను. కర్రలు నేనే పీకానని, పదకొండు తిరిగి నిలబెట్టారని, నాలుగు వరసలు ఏ రకమో ఎవరికీ తెలియదని మొత్తం చెప్పాను. రామకృష్ణ గారు మధ్యలో ఇంగ్లీషులో ఏదో అనబోతే హసన్ చేయి చూపి ఆపాడు.

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా ఏదో అన్నాడు. జహంగీర్ నా వైపు తిరిగి, "అమ్మా, పోయినేడు వచ్చిన సంచులల్ల ఒకదాంట్ల చీటీ ఉండెనంట. గిండ్ల ఒక వరస కల్సింది, విత్తనానికి వాడకుండ్రి అని ఇంగ్లీష్‌ల రాసి ఉన్నదంట. గంత దూరం నుంచి తన తప్పు తనే చెప్పినోళ్ళు ఎవరో సూద్దామనే వచ్చిండంట" అన్నాడు.

నన్ను మెత్తబరచడానికి కట్టిన కథేమో అనుకున్నాను. "ఏ కాగితం మీద రాసిందో అడుగు" అన్నాను. ఎర్రది, పల్చగా ఉంటుంది, అంచులు మడత పెట్టిన గీతలున్నాయి అని చెప్పాడు. నేను చుట్టిన గొట్టం విప్పి నా బిడ్డే రాసిందన్నమాట. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. హోటల్ వాళ్ళు కూడా ఇటే చూశారు. హసన్ నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కళ్ళు తుడుచుకున్నాక ఆ మూడు కాగితాలూ ఆయనకే ఇచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు. రెండో కాగితం దగ్గర వేలు ఆగింది. నా ఎకరం ఐదేళ్ళ పాటు రామకృష్ణ గారి కంపెనీకి కౌలు కింద ఉంటుందని, ఆ ఐదేళ్ళలో భూమిని దేనికి వాడుకోవాలో కంపెనీ ఇష్టమని అందులో ఉందట. తనకి కావలసింది పంట మాత్రమేనని, ఈ కౌలు సంగతి తనకి తెలియదని హసన్ చెప్పాడు. రామకృష్ణ గారు "అది మామూలుగా అందరికీ వేసే ఫారమే అండీ" అన్నారు. "గట్లయితే మామూలుగ మీరే ఉంచుకోండి సారూ" అన్నాను. చివరికి ఈ ఒక్క పంటకి, ఒక పేజీలో, తెలుగులో రాసిన కాగితమైతేనే సంతకం పెడతానన్నాను. హసన్ ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు. రకం తెలియని నాలుగు వరసలు ఆ రోజే తీసేయాలి, మర్నాడు పొద్దున పువ్వులు విచ్చే వేళకి తాను చేను చూస్తాడు. వాళ్ళ దేశంలో బెండకాయల్ని ఎండబెట్టి, దంచి, పులుసులో వేసుకుంటారట. మనం ఒరుగులు పెట్టినట్టే. కాయ బాగా లేకపోతే ఏడాదంతా వంట పాడవుతుందని ఆయన అంటే, ఇన్ని గింజలు ఎందుకన్న నా సందేహం కొంత తీరింది.

నాలుగున్నరకి తిరిగి చేనుకు వచ్చాం. ఆడవాళ్ళు సాయంత్రం మొగ్గల పనిలో ఉన్నారు. నేను చెప్పగానే బాలమణి కొడవలి అందుకుంది. వద్దన్నాను. పొద్దున పీకిన చేతులతోనే ఇవి కూడా పీకుతానన్నాను. నా బిడ్డ విత్తిన నాలుగు వరసలు, ఒక్కొక్క మొక్క వేరుతో సహా లాగి గట్టు మీద వేశాను. ఎర్ర గొట్టాలు రాలి నా కాళ్ళ చుట్టూ పడ్డాయి. చివరి వరసలో సగం దూరం వెళ్ళేసరికి చేతులు బొబ్బలెక్కాయి. బాలమణి వచ్చి పక్కన నిలబడి, "ఇగ చాలు అక్కా, మిగిలినయి నేను తీస్త" అంది. "లేదే, గివి నా పాలివే" అని పూర్తి చేశాను. ఆరున్నరకి మేడ్చల్ బస్సు ఎక్కాను.

మర్నాడు పొద్దున హసన్ వచ్చి చేను చూశాడు, తెలుగులో రాసిన ఆ ఒక్క పేజీ మీద సంతకం పెట్టాను. పంట ఇంకా చేనులోనే ఉంది. ఆ సంచులు ఓడ ఎక్కేదాకా నేను ఏ దేశం మనిషినీ పూర్తిగా నమ్మను, ఇక్కడి మనుషుల్ని అసలే నమ్మను. కానీ నాకొకటి అర్థమైంది. ముఖం కూడా చూడని మనిషికి నా బిడ్డ తన తప్పు తానే రాసి పంపింది, ఆయన అంత దూరం నుంచి వచ్చాడు. వ్యాపారం అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, వాళ్ళిద్దరి మధ్య నడిచింది అదే అయి ఉండాలి. నేను ఆ రోజు దాన్ని చెడగొట్టబోయాను. చెడగొట్టలేదు. నాలుగు వరసలు పోయాయి, మిగిలిన చేను నిలబడింది. ఇప్పుడు ఆదివారాలు నేను కూడా మొగ్గల పనికి వెళ్తున్నాను. నాకొక వరస ఇచ్చారు.

వెళ్ళేవాళ్ళకి నా మాట ఒకటే. మాట చెప్పడానికైనా, కాగితం చదవడానికైనా ఆ భాష తెలిసిన మనిషిని మీరే వెతికి వెంట తీసుకెళ్ళండి. వాళ్ళు తెచ్చిన మనిషి మంచివాడే కావచ్చు. అయినా మీ మనిషి మీ పక్కనే కూర్చోవాలి.