ర్యాంపు మీద ఉదయశ్రీ జీపు

మా పక్క ఫ్లాటు ఉదయశ్రీ తన జీపు చక్రాల నట్లు పళ్లతో విప్పుతుంది. పానా అందిస్తే అవమానించినట్టు చూస్తుంది. పని రోజుల్లో ఆమె హైటెక్ సిటీలో ఏదో కంపెనీకి టీమ్ లీడు. శనివారమొస్తే అనంతగిరి అడవిలో బురద తొక్కుతుంది. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో కాలేజీకి నేనే సెలవిచ్చేసిన మేధావిని కాబట్టి, ఆ బండికి సలహాదారు పదవి నాకు నేనే ఇచ్చుకున్నాను. ఆమె ఒక్క సలహా తీసుకుంటే ఒట్టు.

మణికొండలో మా అపార్ట్‌మెంటు గేటు ముందు రోడ్డు మీంచి ఎక్కే ర్యాంపు ఉంది. గొడవ అక్కడే మొదలైంది. వానాకాలంలో ఓ రోజు వాగు దాటి వచ్చిన జీపు వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో బురదనీళ్లు చేరాయి. ఆమె ర్యాంపు మీద హ్యాండ్‌బ్రేకు లాగి, గేటు తెరవడానికి దిగింది. తడిసిన బ్రేకు పట్టలేదు. బండి వెనక్కి జారి, వెనకే వస్తున్న పట్టాభిరామయ్యగారి కొత్త కారు మూతి పగలగొట్టింది. ఆయన సర్కారు కొలువులో రిటైరై, మా అసోసియేషన్‌కు అధ్యక్షుడై, నీళ్ల ట్యాంకు తాళం కూడా జేబులో పెట్టుకు తిరిగే మనిషి.

"అమ్మాయ్, మనుషుల్ని చంపే బండి ఇక్కడ ఉండటానికి వీల్లేదు. తీసెయ్!"

"వెనక బ్రేకులు మార్చేస్తానండి. మార్చాక మీరే పరీక్ష పెట్టుకోండి."

"పెడతాను. ఈ ర్యాంపు మీదే పెడతాను. హ్యాండ్‌బ్రేకు మీద ఆగాలి, మేం తోసినా ఆగాలి. కదిలిందా, మళ్లీ ఈ గేటు లోపలికి రాదు."

"సరేనండి. కదిలితే ఆ పూటే తీసుకుపోతాను."

ఆ తర్వాత సెలవులన్నీ ఆమెకు సెల్లార్‌లోనే గడిచాయి. డ్రమ్ములు ఊడదీసింది. డిస్కులూ, వాటిని రెండు వైపులా కరిచిపట్టే క్యాలిపర్లూ బిగించింది. హ్యాండ్‌బ్రేకు లివరున్న క్యాలిపర్లే ఏరి తెచ్చింది. అది లేనివి వేస్తే చేత్తో లాగే బ్రేకు ఇక ఉండదు. హ్యాండ్‌బ్రేకు నుంచి డ్రమ్ములకు వెళ్లే పాత కేబుల్‌నే వాటికి తగిలించింది. రెండో అంతస్తు రమ్య గ్రీజు మరకల ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేది: "ఇది అపార్ట్‌మెంటా, మెకానిక్ షెడ్డా?" ఉదయశ్రీ అక్కడే వడ్డించేది: "మీ కుండీల నీళ్లు నా బానెట్ మీద కారుతున్నాయి. ఇది అపార్ట్‌మెంటా, తోటా?"

పరీక్ష రోజు జనమంతా కిందికి దిగారు. బండి ఆగాలని వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. కిటికీ దగ్గరికి వంగి గుసగుసలాడాను.

"అక్కా, జర ఫస్ట్ గేర్ల పెట్టు. ఇగ వీళ్ల తాత తోసినా కదలది. ఎవ్వరికి ఎరుక?"

"పరీక్ష హ్యాండ్‌బ్రేకుకి. నువ్వవతలికి జరుగు."

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి, చేతులు కట్టుకు నిలబడింది. "తోయండి!" అని పెద్దాయన అరిచాడు. పాతికమంది తోశారు. ఆయన చెప్పు తెగింది, చొక్కా చిరిగింది, పరువు ర్యాంపు మీంచి దొర్లి డ్రైనేజీలో పడింది. జిమ్ము కుర్రాళ్లు వచ్చి నడుములు పట్టుకుని పోయారు. చివరికి నీళ్ల ట్యాంకరుకు తాడు కట్టి లాగించారు. లారీ టైర్లకు పొగలొచ్చాయి గానీ జీపు వెంట్రుకవాసి కదల్లేదు.

ఇదంతా రాసి ఉదయశ్రీకి చదివి వినిపించాను. ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే అంది:

"లారీ లేదు, గీరీ లేదు. తోసింది నలుగురు. బండి జానెడు జారింది. పాత కేబుల్ సాగిపోయి ఉంది, మార్చకపోవడం నా పొరపాటు. ఆ సాయంత్రమే బండిని ఇక్కణ్నుంచి తీసేశాను. ఇప్పుడది మూసాపేటలో కిరాయి షెడ్డులో ఉంది."