కృపమ్మ మోసిన మినిట్స్ పుస్తకం

తెనాలిలో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీని నడిపేది ఎవరని అడిగితే, ప్రిన్సిపాల్ పూర్ణచంద్రరావు గారు ‘పాలకమండలి’ అంటారు. అటెండరు కృపమ్మకు నవ్వొస్తుంది. ఇరవై రెండేళ్లలో ఆ మండలి ఒక గదిలో కూర్చోగా ఆమె చూసింది మూడుసార్లే. జరగని మీటింగుకి ప్రిన్సిపాలే తీర్మానాలు రాసేస్తారు. ఆ మినిట్స్ పుస్తకాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని కృపమ్మ బాపట్లకీ రేపల్లెకీ బస్సెక్కి, సభ్యుల ఇళ్లకు వెళ్లి సంతకాలు పెట్టించుకొస్తుంది. ఆ పెద్దమనుషులు ఒక్క ముక్క చదవరు. ఆమెకు కాఫీ ఇచ్చి, కలం తీసి గీకేస్తారు. మహా గొప్ప పాలన!

ఈసారి బాపట్ల బస్సులో కూర్చోవడానికి సీటు దొరికి, కృపమ్మ మొదటిసారి ఆ పుస్తకం తెరిచింది. ‘వచ్చే ఏడాది నుంచి బి.ఏ. ఎత్తివేయాలని తీర్మానించడమైనది.’ మనవరాలు లిఖిత ఇంటర్ అవగానే చేరతానని ఆశపడుతున్నది ఆ బి.ఏ.లోనే. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే కాలేజీ అదొక్కటే.

బాపట్లలో రిటైర్డ్ లెక్చరర్ రాధారాణి గారు అలవాటుగా కలం తీశారు. కృపమ్మ పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“చదివి పెట్టండమ్మా.”

“ఏంటి కృపమ్మా, ఇవాళ కొత్తగా?”

“దీన్ని మీరే బలపరిచారని సారు రాశారండి.”

రాధారాణి గారు చదివారు. ముఖం కందిపోయింది. “ముప్పై ఏళ్లు హిస్టరీ చెప్పినదాన్ని, నేను బి.ఏ. ఎత్తేయమన్నానా?” అంటూ కలానికి మూత పెట్టేశారు.

రేపల్లెలో చేపల వ్యాపారి అబ్దుల్ షుకూర్ గారు కూడా చదివి, “మా రేవు పిల్లలు చేరేది ఇందులోనేగా! మీటింగు పెట్టమనమ్మా, వచ్చి మాట్లాడతా,” అన్నారు.

మర్నాడు ప్రిన్సిపాల్ ఇంతెత్తున లేచారు. “వాళ్లని చదవమని ఎవరు చెప్పారు?”

“నేనేనండి.” ఉద్యోగం పోతుందన్న భయం లేకపోలేదు. అయినా ఆగలేదు. “సంతకం పెట్టేది వాళ్లు కదండీ. దేనికి పెడుతున్నారో తెలియొద్దా?”

మీటింగు పెట్టక తప్పలేదు. కృపమ్మ కుర్చీల దుమ్ము దులిపింది. సభ్యులు ఏడుగురూ వచ్చి రెండు గంటలు వాదించుకున్నారు. బి.ఏ. ఉండాలని ఐదు చేతులు లేచాయి. పాత తీర్మానం కొట్టేశారు. గుమ్మం దగ్గర నిలబడ్డ కృపమ్మకు సంతోషంతో కళ్లు చెమ్మగిల్లాయి.

షుకూర్ గారికి బస్సు తొందర. సంతకం పెట్టేసి వెళ్దామని పుస్తకం తీసుకుని కొత్త పేజీ తిప్పారు. “ఇంకా ఏమీ రాయలేదేంటమ్మా?”

“ముందు మీరు మాట్లాడాలి కదండీ,” అంటూ కృపమ్మ కలం తీసుకెళ్లి ప్రిన్సిపాల్ చేతికిచ్చింది. “సారు ఇప్పుడు రాస్తారు.”